పార్కులో వసంతం పూలు: ఫోటో తీసే ముందు పువ్వు వెనక ఏముందో చూడండి

పూల ఫోటోలు పాడయ్యేది పువ్వు వల్ల కాదు. దాని వెనక ఓ నీలం డ్రమ్ము, ఇనప గ్రిల్లు, వాకింగ్‌కి వచ్చినాయన ఎర్ర టీషర్టు, లేదా ఎండకి తళుక్కుమనే ఒక్క ఆకు. చూపంతా అటే పోతుంది. తీసేటప్పుడు మన కంటికి అవేవీ కనపడవు, ఎందుకంటే మనం పువ్వును తప్ప ఇంకేదీ చూడటం లేదు. కెమెరా అలా కాదు, ఎదురుగా ఉన్నవన్నీ సమానంగా రాసుకుంటుంది. అందుకే ఇక్కడ కెమెరా బటన్ల కంటే బ్యాక్‌గ్రౌండ్ గురించి, ఆ తర్వాత రంగుల గురించి ఎక్కువ చెప్పబోతున్నాను. మీ దగ్గర ఫోనే ఉన్నా, పెద్ద కెమెరా ఉన్నా పద్ధతి దాదాపు ఒకటే. తేడా వచ్చే చోట విడిగా చెప్తాను.

ఉదాహరణకి హైదరాబాదును తీసుకుందాం. కరీంనగర్‌లోనో, గుంటూరులోనో ఉన్నవాళ్ళు పూత కాలాన్ని ఓ వారం రెండు వారాలు అటూ ఇటూ జరుపుకుంటే సరిపోతుంది.

ఏ పూలు ఎప్పుడు

పంచాంగం ప్రకారం వసంతమంటే చైత్రం, వైశాఖం. చెట్లు మాత్రం పంచాంగం కోసం ఆగవు. మోదుగ, బూరుగు ఫాల్గుణం దాటకముందే, అంటే ఫిబ్రవరి, మార్చిల్లోనే ఆకు రాల్చి పూస్తాయి. ఈ మధ్య రోడ్ల పక్కనా, కాలనీ పార్కుల్లోనూ బాగా నాటిన గులాబీరంగు తబేబుయా కూడా దాదాపు అప్పుడే. ఉగాది దగ్గర పడేసరికి వేప పూత, కానుగ పూత. ఏప్రిల్ ముదిరాక రేల పసుపుపచ్చగా వేలాడుతుంది, దాని వెంటే తురాయి ఎర్రబడుతుంది. చలికాలంలో మడుల్లో నాటిన పిటూనియా, డాలియా లాంటివి మార్చి ఎండలకి వడలిపోతాయి కాబట్టి వాటిని ముందే తీసుకోవాలి. మందారం, గన్నేరు, కాగితం పూలకి తొందరేమీ లేదు, అవి ఎప్పుడూ ఉంటాయి.

అంటే ఒక్కసారి వెళ్ళి వసంతమంతా తీసేస్తానంటే కుదరదు. మార్చి మొదట్లో ఒకసారి, ఉగాది ముందూ వెనకా ఒకసారి, ఏప్రిల్ చివర్లో ఒకసారి వెళ్ళేలా చూసుకోండి.

ముందు తోటను చూసి రండి

మొదటిసారి ఫోటోల కోసం కాదు, చూడటానికే వెళ్ళండి. ఎండ ఏ వైపు నుంచి లోపలికొస్తుంది, ఏ చెట్టుకి కింది కొమ్మలున్నాయి, ఏ పొద వెనక ఖాళీ స్థలం ఉంది, ఎక్కడ గోడ అడ్డంగా ఉంది. ఇవి చూసుకుంటే చాలు. అన్నిటికంటే పనికొచ్చేది తోటమాలితో రెండు మాటలు. ఏ చెట్టు మొగ్గ మీదుందో, మర్నాడు ఏ మడికి నీళ్ళు పడతాడో ఆయనకి తెలిసినంత ఏ యాప్‌కీ తెలియదు.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ సంగతే చూడండి. 1846 నాటి ఈ తోటకి పాత పేరు బాగ్‌-ఎ-ఆమ్. లోపల మ్యూజియం, జూబిలీ హాలు లాంటి లేతరంగు గోడల భవనాలున్నాయి. పూల ఫోటోకి ఇది చాలా మంచి విషయం. దూరంగా, మసకగా, లేత రంగులో ఉన్న గోడ ముందు ఏ పువ్వైనా నిలబడుతుంది. అయితే పక్కనే శాసనసభ ఉంది. ఆ వైపు పొడుగాటి లెన్స్ తిప్పితే భద్రతా సిబ్బంది వచ్చి అడుగుతారు, అడగడం వాళ్ళ పని కూడా. శుక్రవారం మధ్యాహ్నం లోపలి మసీదుకి నమాజుకొచ్చేవాళ్ళతో తోట నిండుగా ఉంటుంది. ప్రశాంతంగా కావాలంటే మామూలు పనిరోజుల్లో పొద్దున్నే వెళ్ళాలి.

గేటు దగ్గర బోర్డు చదవండి. చాలా పార్కుల్లో ఫోనుకి అభ్యంతరం ఉండదు గానీ కెమెరాకి టికెట్టో, అనుమతో అడుగుతారు. ట్రైపాడ్ చూస్తే వాచ్‌మన్‌కి వెంటనే ప్రీవెడ్డింగ్ షూట్ గుర్తొస్తుంది. పూల కోసం అది లేకపోయినా నడుస్తుంది కాబట్టి ఇంట్లో వదిలేయడమే మేలు.

సంచిలో ఏం పెట్టుకోవాలి

పెద్ద కెమెరా ఉంటే దానితో వచ్చిన మామూలు కిట్ లెన్స్, దానితో పాటు దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపే 55-250 లాంటి ఓ టెలీ లెన్స్. చిన్నవాటిని మరీ దగ్గర నుంచి తీసే మాక్రో లెన్స్ ఉంటే సంతోషం, లేకపోతే ఇప్పుడే కొనక్కర్లేదు. ఓ తెల్ల అట్టముక్క, పాత పంచె ముక్క, కింద పరుచుకోవడానికి గోనెసంచి, లెన్స్ తుడుచుకోవడానికి మెత్తటి గుడ్డ. మంచినీళ్ళ సీసా, టోపీ చెప్పక్కర్లేదు. సెంటు పూసుకుని వెళ్ళకండి. బూరుగు లాంటి ఎత్తైన చెట్లకి పెద్ద తేనెపట్లు ఉండే కాలమిది. పైన నల్లగా వేలాడుతున్నదేమిటో చూసుకోకుండా కింద మకాం పెట్టొద్దు, ఫ్లాష్ అసలే వద్దు.

ఫోనుతో తీసేవాళ్ళు గేటు దాటగానే చేయాల్సిన మొదటి పని లెన్స్ తుడవడం. జేబులో పడి ఉన్న ఫోను లెన్స్ మీద జిడ్డుంటుంది. ఎండకి ఎదురుగా తీస్తే ఫోటో మొత్తం పొగమంచు పట్టినట్టు వచ్చేది దానివల్లే.

వెలుగు ఎలా ఉండాలి

మార్చి మధ్యలో హైదరాబాదులో ఆరున్నర ప్రాంతంలో సూర్యోదయం. ఏప్రిల్ మధ్యకి ఆరు దాటగానే తెల్లారిపోతుంది. ఆ తర్వాత ఓ గంటన్నర సేపు ఎండ ఏటవాలుగా, మెత్తగా ఉంటుంది. ఎనిమిదిన్నర దాటితే నీడలు నల్లబడతాయి, రేకుల మీద తెల్ల మచ్చలు పడతాయి, గాలి కూడా మొదలవుతుంది. సాయంత్రం ఐదు తర్వాత మళ్ళీ వెలుగు బాగుంటుంది గానీ పిల్లలూ జనమూ ఎక్కువ, పూలు కూడా పగటి ఎండకి డస్సిపోయి ఉంటాయి.

ఎండ మీ వెనక ఉంటే రంగు స్పష్టంగా వస్తుంది, కానీ పువ్వు చదునుగా కనిపిస్తుంది. పక్క నుంచి పడితే రేకుల మడతలు, నూగు బయటపడతాయి. మోదుగ రేకు మీద సన్నటి పట్టులాంటి నూగు ఉంటుంది, అది పక్క వెలుగులోనే వెండిలా మెరుస్తుంది. ఎండ పువ్వు వెనక నుంచి వస్తే పల్చటి రేకులన్నీ వెలుగుతాయి. కాగితం పూలకీ, ఒంటిరేకు మందారానికీ ఇది బ్రహ్మాండంగా నప్పుతుంది. బూరుగు రేకు దళసరి, దానికి ఈ ఉపాయం పెద్దగా పనిచేయదు.

మిట్టమధ్యాహ్నం తప్ప తీరిక లేనివాళ్ళు పువ్వుకీ ఎండకీ మధ్య పంచె ముక్కను పందిరిలా పట్టించుకోండి. పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి, పిల్లలకి ఇది మహా సరదా. పువ్వు అడుగు భాగం మరీ చీకటిగా ఉంటే తెల్ల అట్టను కింద పెట్టి వెలుగును పైకి మళ్ళించవచ్చు.

బ్యాక్‌గ్రౌండ్: అసలు పని ఇక్కడే

ఒక మందారం మొక్క దగ్గర నిలబడ్డారనుకోండి. పదిహేను పూలున్నాయి. అందరూ చేసేది వాటిలో అందమైనదాన్ని వెతకడం. మీరు వేరేగా చేయండి. వెనక కనీసం మూడు నాలుగు మీటర్లు ఖాళీ ఉన్న పువ్వేదో వెతకండి. కాస్త చిన్నదైనా, ఓ పక్క చీమ ఉన్నా పరవాలేదు. కొమ్మ చివర, బయటికి పొడుచుకొచ్చి పూసిన పువ్వే చాలాసార్లు అలా దొరుకుతుంది. పొద మధ్యలో ఆకుల్లో కూరుకున్న పువ్వును ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా ఆకుల నుంచి విడదీయలేం.

దీనికి లెక్క ఒకటే. కెమెరాకీ పువ్వుకీ మధ్య దూరం తగ్గాలి, పువ్వుకీ దాని వెనక ఉన్నదానికీ మధ్య దూరం పెరగాలి. ఎఫ్ అంకె లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్తుంది, అంకె చిన్నదయ్యే కొద్దీ వెనక మసక పెరుగుతుంది. ఈ రెండూ కుదిరితే ఎఫ్ 8 దగ్గర కూడా వెనకంతా మెత్తగా కరిగిపోతుంది. కుదరకపోతే ఎఫ్ 1.8 పెట్టినా ఆకుల గజిబిజి అలాగే ఉంటుంది.

రెండోది ఎత్తు. నిలబడి కిందికి చూస్తూ తీస్తే పువ్వు వెనక వచ్చేది మట్టి, ఎండుటాకులు, నీళ్ళ పైపు. అదే గోనెసంచి మీద కూర్చునో, పడుకునో లెన్స్‌ని పువ్వు ఎత్తుకి దించితే, వెనక ముప్పై అడుగుల దూరంలోని చెట్ల వరస వస్తుంది. ఫోనుతో తీసేవాళ్ళయితే దాన్ని తలకిందులు చేయండి. లెన్స్ నేలకి దగ్గరవుతుంది, మడుల్లోని చిన్న పూలకి అది చాలు. కూర్చునే ముందు పొద కింద ఓసారి చూసుకోండి. ఎండలు మొదలయ్యాక పాములూ నీడకే వస్తాయి.

మూడోది, అడుగు ఎడమకి, అడుగు కుడికి. పువ్వు మీంచి చూపు తీసి, తెర నాలుగు అంచుల వెంట ఒక చుట్టు తిరిగి రండి. తెల్లగా మెరుస్తున్న చుక్క ఉందా? పువ్వు నెత్తి మీంచి కొమ్మ మొలిచినట్టు కనిపిస్తోందా? సగం తెగిన మరో పువ్వు అంచులో ఉందా? ఉంటే క్లిక్ చేయకుండా అడుగు జరగండి. ఇంటికెళ్ళి ఎడిటింగ్‌లో చెరిపేద్దామనుకునేవన్నీ ఇక్కడ ఒక్క అడుగుతో పోతాయి.

ఇంకో చిట్కా. పువ్వు మీద ఎండ పడుతూ, వెనక ఉన్న కంచె నీడలో ఉన్న చోటు దొరికితే వదలొద్దు. వెలుగును పువ్వుకి సరిపెడితే చాలు, వెనకంతా దానంతటదే నల్లబడుతుంది. స్టూడియోలో నల్ల గుడ్డ కట్టి తీసినట్టే ఉంటుంది. పొద్దున్న ఏడు, ఏడున్నర మధ్య ఇలాంటి చోట్లు ప్రతి పార్కులోనూ నాలుగైదు ఉంటాయి, పావుగంటలో మాయమవుతాయి.

అడ్డొచ్చిన ఎండుటాకును తీసేయండి. పక్క కొమ్మను బట్టల క్లిప్పుతో కాసేపు వెనక్కి పట్టి ఉంచండి. తుంచకండి. పొద్దున్నే పూజకని పూలు కోసుకెళ్ళే పెద్దవాళ్ళు మీకంటే ముందే వచ్చి ఉంటారు. ఆ గొడవ మనకెందుకు, వాళ్ళకి అందని కొమ్మలు చూసుకోవడమే.

ఫోను విషయంలో ఒక మాట. పువ్వుకి మరీ దగ్గరగా పెడితే మెయిన్ కెమెరాకి ఫోకస్ అందదు. చాలా ఫోన్లు చడీచప్పుడు లేకుండా వైడ్ లెన్స్‌కి మారిపోతాయి, వెనక చెత్తంతా ఫ్రేములోకొచ్చేస్తుంది. ఓ అడుగు వెనక్కి వచ్చి జూమ్ 2ఎక్స్ లేదా 3ఎక్స్ పెట్టి తీయండి. వెనకంతా మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ గులాబీ లాంటి ముద్ద పూలకి సరే. మందారం, తురాయి లాంటి వాటి కేసరాలను మాత్రం సగం కోసేస్తుంది. ఇక చవక ఫోన్లలో వచ్చే 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా ఉందనే సంగతే మర్చిపోండి.

ఫోకస్

50 ఎమ్ఎమ్ లెన్స్‌తో, 45 సెంటీమీటర్ల దూరం నుంచి, ఎఫ్ 2.8 దగ్గర తీస్తే పదునుగా వచ్చే మందం సుమారు ఒక సెంటీమీటరు. అంతే. మందారం మధ్యలోంచి పొడుచుకొచ్చే కాడ ఒక్కటే అంతకు ఎన్నో రెట్లు పొడుగు. ఎదురుగా తీస్తే దాని కొస పదునుగా ఉంటే రేకులు మసకగా, రేకులు పదునుగా ఉంటే కొస మసకగా వస్తుంది. కాబట్టి పక్క నుంచి తీయండి. అప్పుడు కాడ మొత్తం కెమెరాకి ఒకే దూరంలో ఉంటుంది. పువ్వులో పొడుగు భాగం ఏదో చూసుకుని దానికి సమాంతరంగా నిలబడటం ఏ పువ్వుకైనా వర్తిస్తుంది.

పువ్వంతా స్పష్టంగా కావాలంటే ఎఫ్ 8. ఒక్క కేసరం మీదే చూపు నిలపాలంటే ఎఫ్ 2.8. ఫోనులో అయితే కేసరాల మీద వేలుతో నొక్కి పట్టుకోండి, ఫోకస్ లాక్ అవుతుంది.

గాలికి పువ్వు ఊగుతుంటే షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరుచుకుని ఉండే సమయం) సెకనులో 1/250 నుంచి 1/500 వంతు మధ్య పెట్టి, వెలుగును కెమెరా ఎంత పట్టుకోవాలో చెప్పే ఐఎస్ఓను ఆటోలో వదిలేయండి. ఇసక చల్లినట్టు కాస్త గ్రెయిన్ వచ్చినా నష్టం లేదు, కదిలిపోయిన ఫోటోకి మాత్రం మందు లేదు. గాలి కెరటంలా వస్తుంది, రెండు కెరటాల మధ్య ఓ క్షణం ఆగుతుంది. ఆ ఆగిన క్షణంలో వరసగా నాలుగైదు తీయండి.

ఎరుపు, తెలుపు, పసుపు: మూడు తలనొప్పులు

మోదుగ, బూరుగు, తురాయి తీసినప్పుడు రేకుల్లో ఈనెలేమీ కనపడక, పువ్వంతా ఎర్ర ప్లాస్టిక్ ముద్దలా వచ్చిందంటే లోపం మీది కాదు. కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ విడివిడిగా కొలుస్తుంది. మొత్తం వెలుగు సరిగ్గానే ఉన్నా ఇలాంటి పూలలో ఎరుపు ఒక్కటే గరిష్ఠానికి చేరిపోతుంది. చేరాక అందులో వివరం మిగలదు. మందు సులువే. ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫోటో వెలుగును, మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా తగ్గించండి. ఫోనులో తెర మీద నొక్కితే పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగుతూ, రేకుల ఈనెలు కనపడే దాకా రండి. పెద్ద కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్ (వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫు) పెట్టుకుని ఎర్ర గీత కుడి గోడకి గుద్దుకోకుండా చూడండి. రంగులను గాఢం చేసే వివిడ్ మోడ్ ఉంటే తీసేయండి. కెమెరా పట్టిన వివరమంతా ఉంచే రా ఫైల్ తీసే అలవాటుంటే ఈ పూల దగ్గరే దాని విలువ తెలుస్తుంది.

తెల్ల పూల కథ ఇంకో రకం. కెమెరా ఎదురుగా ఉన్నదాన్నంతా సగటు వెలుగుకి తేవాలని చూస్తుంది. వేప పూత లాంటి చిన్న తెల్ల పూలు ముదురాకుల మధ్య ఉంటే, ఆకుల చీకటి చూసి కెమెరా వెలుగు పెంచుతుంది, పూత తెల్ల సున్నం చుక్కల్లా అయిపోతుంది. ఇక్కడ తగ్గించాలి. అదే ఫ్రేము నిండా తెల్ల గులాబీ ఉంటే కెమెరా వెలుగు తగ్గించి దాన్ని బూడిద రంగు చేస్తుంది, అక్కడ ప్లస్ వైపు జరపాలి. తెలుపంటే ఎప్పుడూ పెంచాలని ఎవరైనా చెప్తే, ఫ్రేములో ఎంత భాగం తెలుపో చూసుకున్నాకే నమ్మండి.

పసుపు ఈ రెండిటికీ మధ్య. రేల గెలలను నీలాకాశం ముందు తీసేటప్పుడు కాస్త తగ్గిస్తే చాలు. నీడలో తీస్తే మాత్రం పసుపు చల్లబడి ఆకుపచ్చలోకి పోతుంది. వెలుగుకి తగ్గట్టు రంగును సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను షేడ్‌కి మార్చండి.

ఎత్తు చెట్లు, రాలిన పూలు

మోదుగకీ బూరుగుకీ పూలన్నీ తలకెక్కి ఉంటాయి. కింద నుంచి తీస్తే వెనక తెల్లటి ఆకాశం వచ్చి పువ్వు నల్లటి బొమ్మలా కనపడుతుంది. పొద్దున్న సూర్యుడిని వీపు వైపు ఉంచి, పడమటి ఆకాశాన్ని వెనక పెట్టుకోండి. అటు నీలం చిక్కగా ఉంటుంది, మోదుగ నారింజరంగు దాని మీద అదిరిపోతుంది. ఇంకా మంచిది టెలీ లెన్స్‌తో దూరం నుంచి తీయడం. ఎంత దూరం వెళ్తే చూపు అంత చదునవుతుంది, ఆకాశం బదులు వెనక చెట్లొస్తాయి. మెట్లు, చిన్న వంతెన, గుట్ట ఏది దొరికినా ఎక్కండి.

బూరుగు దగ్గర పది నిమిషాలు కదలకుండా నిలబడితే గోరింకలు, పికిలిపిట్టలు, తేనెపిట్టలు వాటంతటవే వస్తాయి. పిట్ట ఎటు వాలుతుందో వెతుక్కోకుండా బాగున్న ఒక పువ్వు మీద ఫోకస్ పెట్టి ఎదురుచూడటం తేలిక. షట్టర్ 1/1000కి తగ్గకూడదు.

పైన కుదరకపోతే కింద చూడండి. బూరుగు పువ్వు రేక రేకగా కాకుండా కేసరాలతో సహా టప్పున రాలుతుంది. తబేబుయా కింద తెల్లారేసరికి గులాబీ తివాచీ ఉంటుంది, ఊడ్చేవాళ్ళు వచ్చే లోపే వెళ్ళాలి. రాలిన పూలను ముగ్గులా సర్దకండి. సర్దినవి సర్దినట్టే కనపడతాయి. పడ్డవి పడ్డట్టే ఉంచి, వాటి మధ్య మంచి చోటు వెతుక్కోండి.

మంచుబిందువుల కోసం స్ప్రే సీసా తెచ్చేవాళ్ళున్నారు. మన మార్చిలో మంచెక్కడిది? చూసేవాళ్ళకి తెలిసిపోతుంది. మాలి నీళ్ళు పట్టి వెళ్ళిన మడిలో అసలైన చుక్కలే ఉంటాయి, ఆకుల మట్టి కూడా కడిగి ఉంటుంది.

తోటలో మనుషులు

వాకర్లు నడిచే దారికి అడ్డంగా పడుకోవద్దు. బెంచీల మీద జంటలుంటే లెన్స్ అటు తిప్పకండి, వెనక మసకగానే వస్తారులే అని మీకు తెలుసు, వాళ్ళకి తెలియదు. ఎవరైనా ఏం తీస్తున్నారని అడిగితే తెర చూపించండి. "అరె, ఇది మన పార్కులోదేనా?" అంటారు, ఆ తర్వాత ఇంకో మంచి చెట్టు ఎక్కడుందో కూడా వాళ్ళే చెప్తారు.

ఇంటికొచ్చాక

ఒకే పువ్వుకి ఎన్ని తీసినా ఒకటి, మహా అయితే రెండు ఉంచుకోండి. స్నాప్‌సీడ్ లాంటి ఉచిత యాప్ చాలు. ముందు క్రాప్, తర్వాత హైలైట్స్ (బాగా వెలుగున్న చోట్లు) కాస్త కిందికి, నీడలు కాస్త పైకి. రంగుల గాఢత పెంచే శాచురేషన్ జోలికి పోవద్దు, పోవాలనిపిస్తే సగానికి ఆగండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది.

ఫైలు పేరులో చెట్టు పేరు, తోట పేరు రాసుకోండి. పేరు తెలియకపోతే మొక్కలు, జీవుల ఫోటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ సైటులో పెడితే తెలిసినవాళ్ళు చెప్తారు. మన దేశంలో చెట్ల పూతను నమోదు చేసే సీజన్‌వాచ్ అనే కార్యక్రమం కూడా ఉంది. మీరు తీసిన చెట్టు ఏ వారంలో పూసిందో అందులో రాసిపెట్టవచ్చు. అందులో రాయకపోయినా క్యాలెండర్ మీద ఆ తేదీ దగ్గర చెట్టు పేరు వేసుకోండి, వచ్చే ఏడు ఎప్పుడు బయల్దేరాలో వెతుక్కునే పని ఉండదు.